బూజుకు తెలిసిన తీపి

తొమ్మిదో తరగతిలో ఎంజైముల పాఠం మొదలుపెట్టానో లేదో, చివరి బెంచీ కుర్రాడొకడు లేచాడు. "సార్, మా నాయనమ్మ వేలు పొడుచుకుని చుక్క రక్తం పెడితే మిషను షుగరెంతో చెప్పేస్తుంది. ఆ ప్లాస్టిక్ ముక్కకి తీపి ఎలా తెలుస్తుంది సార్? నాలుకుందా?" క్లాసంతా నవ్వింది. "లోపల సెన్సర్ ఉంటుందిరా, కూర్చో" అన్నాను. అది జవాబు కాదని వాడి మొహమే చెప్పింది.

ఇంటికొచ్చి, మా నాన్నగారి బీరువాలో గడువు దాటిన స్ట్రిప్పుల డబ్బా ఉంటే తీసి, ఒకదాన్ని షేవింగ్ బ్లేడుతో పొరలుగా చీల్చాను. పైన అద్దంలాంటి పొర. కింద ప్లాస్టిక్ మీద బొగ్గు సిరాతో అచ్చేసిన సన్నటి నల్ల గీతలు. రెంటి మధ్య దారం దూరేంత సందు. రక్తాన్ని లోపలికి ఎవరూ తొయ్యనక్కర్లేదు, దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు ఆ సందే లాక్కుంటుంది. భూతద్దం పెట్టి చూస్తే సందు చివర పసుపు మరకలా ఎండిపోయిన ఓ చుక్క. వాడడిగిన నాలుక అదే.

ఆ మరకలో ఇద్దరుంటారు. మొదటిది గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. దీని పుట్టిల్లు బూజు. వానాకాలంలో ఉల్లిపాయ పైపొట్టు తీస్తే మసిలాంటి నల్లటి పొడి చేతికి అంటుకుంటుంది కదా, ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే ఆ నల్లబూజులోనే 1928లో దీన్ని కనిపెట్టారు. తేనెటీగల తలలోని గ్రంథుల్లోనూ ఇది ఊరుతుంది. తేనెలో పడ్డాక గ్లూకోజు మీద పనిచేసి కొంచెం కొంచెంగా హైడ్రోజన్ పెరాక్సైడు తయారు చేస్తుంది. పుండు మీద తేనె రాయడంలో ఉన్న గుట్టు కొంతవరకు అదే. ఇప్పుడు చాలా స్ట్రిప్పుల్లో దీని బదులు గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ వాడుతున్నారు కానీ, నా మనసు మాత్రం బూజు దగ్గరే ఆగిపోయింది.

ఈ ఎంజైముకి పట్టింపు ఎక్కువ. మర్నాడు క్లాసులో రెండు గ్లాసుల నీళ్లు పెట్టాను. ఒకదాంట్లో రెండు చిటికెల పంచదార, రెండోదాంట్లో మందుల షాపు గ్లూకోజు పొడి అంతే. కరెంటు పారాలి కాబట్టి రెంట్లోనూ కాస్త ఉప్పు. గ్లూకోజు నీళ్లకి మీటరు అంకె చూపించింది. పంచదార నీళ్లకి 'లో' అంది! పిల్లలు నమ్మక ఒకరి తర్వాత ఒకరు వేలు ముంచి రుచి చూశారు. నాలుకకి తియ్యగా ఉన్న నీళ్లు ఈ ఎంజైముకి చప్పన. పంచదార పేగుల్లో విరిగి గ్లూకోజుగా బయటపడితేనే అది గుర్తుపడుతుంది.

గుర్తుపట్టి ఏం చేస్తుంది? గ్లూకోజు అణువు దగ్గర రెండు ఎలక్ట్రాన్లు లాగేసుకుంటుంది. లాక్కున్న సొమ్ము దగ్గరుంచుకోదు, వెంటనే ఎవరికో అప్పగించి ఇంకో గ్లూకోజు కోసం తయారవుతుంది. తేనెలో అయితే ఆక్సిజన్‌కి ఇస్తుంది. స్ట్రిప్పులో దాన్ని అందుకోవడానికి ఎదురుచూస్తున్న రెండో ఆసామీ ఫెర్రిసయనైడు. మరకకి ఆ పసుపు రంగు దీనిదే. అది ఎలక్ట్రాన్ని మోసుకెళ్లి బొగ్గు గీతకి దించుతుంది. గీతలో సన్నగా కరెంటు పారుతుంది. మీటరు అయిదు లెక్కపెట్టేలోపు కొలిచేది ఆ కరెంటునే, తీపిని కాదు. ఎక్కువ గ్లూకోజుంటే ఎక్కువ ఎలక్ట్రాన్లు, అంతే.

కాగితం మీద లెక్క వేసి చూశాను. స్ట్రిప్పు పీల్చేది సుమారు అర మైక్రోలీటరు రక్తం. షుగరు 100 ఉంటే అందులో గ్లూకోజు అర మైక్రోగ్రాము. పంచదార పలుకులో వెయ్యో వంతు కూడా కాదు! ద్రాక్షపళ్లు తిన్న చేతిని కడుక్కోకుండా పొడుచుకుంటే అంకె ఎందుకు ఎగురుతుందో ఇక చెప్పాలా.

ఈ ఉపాయానికి మూలపురుషుడు అమెరికాలో లేలాండ్ క్లార్క్. రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే యంత్రం చేసి వ్యాసం పంపితే, ఎంత ఎక్కిందో కొలవలేదని పత్రిక తిప్పికొట్టింది. ఆ పట్టుదలతో ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రోడు చేశాడు. దాని మూతి దగ్గర ఈ ఎంజైమును పెడితే గ్లూకోజు ఉన్నకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుందని 1962లో చూపించాడు.

కానీ బజారుకి ముందు చేరింది కరెంటు కొలిచే పక్షం కాదు, రంగు చూసే పక్షం. అరవైల్లో వచ్చిన డెక్స్‌ట్రోస్టిక్స్ పట్టీల మీద పెద్ద చుక్క రక్తం వేసి, గడియారం చూస్తూ నిమిషం ఆగి, నీళ్లతో కడిగి, ఏ నీలమో సీసా మీది పటంతో పోల్చుకోవాలి. కంటికి సాయంగా ఆంటన్ క్లెమెన్స్ ఆ రంగును కొలిచే మీటరు చేశాడు. కిలో పైచిలుకు బరువు, అదీ డాక్టర్లకే అమ్మేవారు. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే షుగరున్న ఇంజినీరు, డాక్టరైన భార్య పేరు మీద ఒకటి తెప్పించుకుని రోజూ ఇంట్లోనే చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇంజినీరు మాట ఎవరూ వినడం లేదని నలభై అయిదో ఏట వైద్య కళాశాలలో చేరాడు. ఇలాంటి మొండివాళ్లంటే నాకిష్టం.

1987లో పెన్నంత మీటరుతో కరెంటు పక్షం గెలిచింది. తర్వాత చుక్క చిన్నదైంది, మీటరు చౌకైంది, ఇప్పుడు జబ్బకి అంటించుకునే బిళ్లలు కూడా వచ్చాయి.

ఈ సరదాలో నా వేలూ పొడుచుకున్నాను. పరగడుపున 112. "బోర్డర్‌లో ఉందన్నమాట" అంది మా ఆవిడ. వంద నుంచి 125 దాకా ప్రీడయాబెటిస్ అని చాలామంది డాక్టర్లు లెక్కేస్తారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత 110 దగ్గర. అయితే మీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం వంద దాటిన అంకెల్లో 15 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది. అంటే నా 112 వెనక అసలు అంకె 97 కావచ్చు, 131 కావచ్చు. ఏమీ లేదనడానికీ, షుగరు వచ్చేసిందనడానికీ రెంటికీ చోటుంది. షుగరున్నవాళ్లు రోజూ ఎగుడుదిగుడు చూసుకోవడానికి మీటరు భేషుగ్గా పనికొస్తుంది కానీ, బోర్డరు గీత తేల్చడం దాని వల్ల కాదు. ల్యాబుకి వెళ్లాల్సిందే.

"అయితే మూడు రోజులు అన్నం మానేసి వెళ్లండి, మంచి అంకె వస్తుంది" అని సలహా ఇచ్చాడు మా బావమరిది. నేను చేయించుకోబోయేది గ్లూకోజు తాగి చేసే పరీక్ష, దానికి ఇది తలకిందుల సలహా. పిండిపదార్థం మానేసిన ఒంటికి ఒక్కసారిగా గ్లూకోజు పోస్తే సర్దుకోవడం రాక అంకె పెరుగుతుంది. అందుకే ముందు మూడు రోజులూ ఎప్పటిలా అన్నమే తిన్నాను. ముందురాత్రి తొమ్మిదికి భోజనం ముగించి, ఆ తర్వాత మంచినీళ్లే. పొద్దున కాఫీ లేదు, నడక లేదు. జ్వరమో జలుబో ఉంటే వాయిదా వేసుకునేవాణ్ణి. ఆ మధ్య వేసుకున్న స్టెరాయిడ్ మాత్రల సంగతి డాక్టరుకి ముందే చెప్పాను, అవీ షుగర్ని పెంచుతాయి.

ల్యాబులో అమ్మాయి బూడిదరంగు మూత గొట్టంలో రక్తం తీసింది. గొట్టంలో పడ్డాక కూడా రక్తకణాలు గంటకి అయిదారు శాతం గ్లూకోజు తింటూనే ఉంటాయి. ఆ గొట్టంలో ఉండే ఫ్లోరైడు వాటి నోరు కట్టేస్తుంది, అదీ గంటకి పైగా తీసుకుని. మూడు నెలల షుగరు పరీక్షకి వేరే గొట్టం. దానికి పరగడుపు అక్కర్లేదు గానీ, రక్తహీనత ఉంటే ఆ అంకె దారి తప్పుతుంది.

తర్వాత గ్లూకోజు తూచింది. తక్కెడలో 82.5 గ్రాములు. "డెబ్బై అయిదు కదమ్మా?" అన్నాను.

"ఈ పొడిలో నీటి అంశం కలిసుంటుంది సార్, అది తీసేస్తే డెబ్బై అయిదే" అంది. పిండి తూచినట్టు ఎంత తేలిగ్గా చెప్పిందో! నీళ్లలో కలిపి గ్లాసు చేతికిచ్చింది. అయిదు నిమిషాల్లో తాగేయాలట, మళ్లీ రక్తం తీసే రెండు గంటల లెక్క మాత్రం మొదటి గుక్క నుంచే. జావలా చిక్కగా, వెగటుగా ఉంది. గోడ గడియారంలో ఎనిమిదీ పది. చొక్కా జేబులో చీల్చిన స్ట్రిప్పు అలాగే ఉండిపోయింది. తీసి ఆ పసుపు మరక చూసుకుంటూ కూర్చున్నాను.