తేలికైతే చాలదు... గట్టిదని తేలాలి!

ఎడ్లబండి ఎరిగిన రైతుకు చక్రం సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఆకు వదులైనా, పూటీ పగిలినా, కడసీల జారినా బండి నడిదారిలో కూలబడుతుంది. చక్రం మరీ బరువైతే ఎడ్లు అలసిపోతాయి. తేలికని నాసి కర్రతో చేయిస్తే మొదటి గోతిలోనే విరుగుతుంది. బరువు తగ్గాలి, బలం తగ్గరాదు. వడ్రంగి నేర్పంతా ఈ రెంటి నడుమనే ఉంది.

సముద్రాలకు ఆవల జపాను దేశంలో ఇదే చిక్కుముడి చుట్టూ ఒక పెద్ద పరిశ్రమ అల్లుకుంది. అక్కడి కుర్రకారు వేగంగా పరుగెత్తే స్పోర్ట్స్ కార్లను కొంటారు. కంపెనీ బిగించి ఇచ్చిన చక్రాలను ఊడదీసి, వేరే కర్మాగారాల్లో తయారైన తేలికపాటి చక్రాలు వేయిస్తారు. అంతటితో ఆగక ఇంజనుకు, బ్రేకులకు, స్ప్రింగులకు, పొగగొట్టానికి కూడా కొత్త భాగాలు తగిలిస్తారు. ఒకప్పుడు పోలీసుల అనుమానపు చూపుల కింద బతికిన ఈ వ్యాపారం నేడు దేశదేశాల్లో పేరు తెచ్చుకుంది. ఆ పేరులో వేగానికి ఎంత వాటా ఉందో, పరీక్షలకూ అంత వాటా ఉంది.

స్ప్రింగుల కింది బరువు

కారు బరువులో అధిక భాగం స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది. చక్రం, టైరు, బ్రేకు మాత్రం స్ప్రింగులకు దిగువన ఉంటాయి. రోడ్డు మీద చిన్న మిట్ట తగిలితే చక్రం పైకి ఎగురుతుంది. అది ఎంత బరువైతే అంత ఆలస్యంగా మళ్లీ నేలకు ఆనుతుంది. ఆ క్షణంలో టైరుకు పట్టు ఉండదు. మలుపులో ఇది జరిగితే కారు అదుపు తప్పవచ్చు.

చక్రం బరువుకు ఇంకొక ఖర్చు కూడా ఉంది. కారులో పెట్టిన మూటను ముందుకు లాగితే సరిపోతుంది. చక్రాన్ని మాత్రం ముందుకు లాగాలి, గిరగిర తిప్పనూ వలె. ఆపేటప్పుడు బ్రేకుకు కూడా ఇదే రెండింతల పని. అందుకే కారులో మరెక్కడో ఒక కిలో తగ్గించడం కన్నా చక్రంలో ఒక కిలో తగ్గించడం మేలని మోటారు పందాల నిపుణులు భావిస్తారు.

ఇనుము వదిలి అల్యూమినియం వైపు మళ్లడానికి కారణం ఇదే. హోండా, సుజుకి, యమహా కంపెనీలకు పుట్టినిల్లయిన హమామత్సు పట్టణంలోనే 1950లో ఎన్‌కై సంస్థ కూడా పుట్టింది. 'ఎన్షూ తేలికలోహం' అనే అర్థమిచ్చే జపాను పేరును కుదించగా ఎన్‌కై అయింది. ఎన్షూ అంటే ఆ ప్రాంతం పాత పేరు. కార్ల కంపెనీలకు చక్రాలు పోసి ఇస్తూ ఎదిగిన ఈ సంస్థ 1990 దశకంలో ఫార్ములా వన్ పందాల్లో మెక్‌లారెన్ జట్టుకు చక్రాలు సరఫరా చేసే స్థాయికి చేరింది. మన దేశంలో పుణె జిల్లాలో కూడా ఎన్‌కై పేరున చక్రాల కర్మాగారం వెలిసింది.

పోత, సాగదీత, దెబ్బ

అల్యూమినియం చక్రం చేయడానికి మూడు పద్ధతులు ఉన్నాయి. మొదటిది పోత. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చల్లారిస్తే చక్రం తయారవుతుంది. ఖర్చు తక్కువ. కాని లోహంలో గాలి బుడగలు చిక్కే ప్రమాదం ఉంది గనుక గోడలు మందంగా ఉంచాలి. అందువల్ల బరువు పెరుగుతుంది.

రెండవది సాగదీత. పోతపోసిన చక్రాన్ని వేడిగా తిప్పుతూ, గట్టి రోలర్లతో అంచును ఒత్తి సాగదీస్తారు. కుమ్మరి సారె మీద మట్టిముద్దను తిప్పుతూ కుండ గోడను పలచగా పైకి లాగడం వంటిదే ఇది. అంచు పలచబడుతుంది, లోహం దట్టమవుతుంది.

మూడవది దెబ్బ. కమ్మరి కొడవలిని సాగగొట్టినట్టే, వేడిచేసిన అల్యూమినియం దిమ్మెను వేల టన్నుల బలం గల యంత్రంతో అదిమి చక్రంగా మలుస్తారు. సాగగొట్టిన కొడవలి పోతపోసిన కొడవలి కన్నా ఎందుకు మన్నుతుందో ఊరి కమ్మరిని అడిగితే చెబుతాడు. లోహంలోని పోగులు తెగకుండా ఆకారం వెంట వంగుతాయి. తక్కువ లోహంతో ఎక్కువ బలం వస్తుంది. ఖరీదూ అలాగే ఉంటుంది.

ఒసాకా ప్రాంతంలో 1973లో మొదలైన రేస్ సంస్థ ఈ మూడవ పద్ధతికి పేరుపడింది. 1996లో అది విడుదల చేసిన టిఇ37 అనే ఆరు ఆకుల చక్రం ఔత్సాహికుల లోకంలో సంచలనం సృష్టించింది. 15 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల వెడల్పు గల చక్రం 3.7 కిలోలే తూగింది. పేరులోని 37 ఆ బరువును సూచించేదే. దాదాపు మూడు దశాబ్దాలు గడిచినా ఆ నమూనాకు గిరాకీ తగ్గలేదు.

పశువుల పాకలో ఇంజను పని

అదే 1973లో, ఫుజి పర్వతం పాదాల దగ్గర, పాడి పశువుల పాకలో మరొక సంస్థ ఊపిరి పోసుకుంది. యమహా కంపెనీలో ఇంజనీరుగా పనిచేసి బయటకు వచ్చిన హిరోయుకి హసెగావా, తన మిత్రుడు కిటగావాతో కలిసి ఆ పాకలో ఇంజన్లకు మెరుగులు దిద్దడం మొదలుపెట్టారు. పెట్టుబడి సమకూర్చిన సంస్థ పేరు సిగ్మా. ముగ్గురి పేర్లలోని తొలి అక్షరాలే హెచ్‌కెఎస్ అయ్యాయి. కార్ల కంపెనీలు చేయలేని, చేయడానికి ఇష్టపడని పనులు తాము చేసి చూపాలన్నదే వారి పట్టుదల.

చమురు సంక్షోభం ముంచుకొచ్చిన కాలం అది. పొగ నిబంధనలు బిగుసుకోవడంతో పెద్ద కంపెనీలు పందాలకు దూరం జరిగాయి. అటువంటి గడ్డు రోజుల్లో, 1974లో, మామూలు కార్లకు అమర్చుకునే టర్బో సరంజామాను హెచ్‌కెఎస్ అమ్మకానికి పెట్టింది.

టర్బో పని కొలిమి తిత్తి పని వంటిదే. తిత్తి ఊదితే బొగ్గుకు గాలి తగిలి మంట రేగుతుంది. ఇంజను వదిలే పొగ వృథాగా పోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరొక చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి కూరుతుంది. గాలి పెరిగితే దానితోపాటు పెట్రోలు కూడా పెంచవచ్చు, శక్తి హెచ్చుతుంది. ఈ చక్రం నిమిషానికి లక్ష చుట్లు కూడా మించి తిరుగుతుంది. ఒత్తిడి మితిమీరినా, నూనె అందకపోయినా క్షణాల్లో చెడుతుంది. ఇంజను కూడా దెబ్బతింటుంది.

పెద్దమనుషుల ఒప్పందం

1988లో జపాను రోడ్ల మీద ప్రమాద మరణాలు మళ్లీ 10 వేలు దాటాయి. అంతకు ముందు 1970లో ఒక్క ఏడాదిలోనే 16,765 మంది మరణించిన చేదు అనుభవం ఆ దేశానికి ఉంది. ప్రభుత్వం కన్నెర్ర చేయకముందే కార్ల కంపెనీలు తమలో తాము ఒక మాట అనుకున్నాయి. ఏ కారూ 280 అశ్వశక్తిని మించదని ప్రకటించాయి. 1989 నుంచి 2004 వరకు ఈ కట్టుబాటు నడిచింది.

కాగితం మీద 280. లోపల ఇంజను సత్తా మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ. 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జిటి-ఆర్ కారును పందాల కోసమే రూపొందించారు. పందెం కార్లలో అదే ఇంజను 500 అశ్వశక్తిని దాటింది. 1990 నుంచి 1993 వరకు జపాను టూరింగ్ కార్ల పోటీల్లో తన తరగతిలో జరిగిన 29 పందాలలో 29 ఆ కారే గెలుచుకుంది. దాచిన శక్తిని బయటకు తీయడానికి విడిభాగాల వ్యాపారులు పోటీపడ్డారు.

కాని ఒక్క భాగం మారిస్తే సరిపోదు. ఎద్దులు మారినప్పుడు కాడి, పలుపు, ఇరుసు కూడా మారాలి కదా! శక్తి పెరిగితే క్లచ్చి జారుతుంది. వేగం పెరిగితే పాత బ్రేకు కాలిపోతుంది. బ్రేకు పెద్దదైతే పాత చక్రంలో పట్టదు. ఈ లెక్క తెలియక ఇంజను ఒక్కటే పెంచుకుని, రాత్రివేళ రాజధాని రహదారుల మీద, కొండ మలుపుల్లో పరుగులు తీసినవారిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. దారిన పోయేవారినీ బలిగొన్నారు.

మూడు పరీక్షలు

ఈ నేపథ్యంలోనే తనిఖీలకు ప్రాధాన్యం వచ్చింది. జపానులో కొత్త సొంత కారును మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకొకసారి ప్రభుత్వ తనిఖీకి చూపాలి. కారు అడుగు భాగం నేలకు 9 సెంటీమీటర్ల కన్నా కిందికి దిగరాదు. పొగగొట్టం మోత పరిమితి దాటరాదు. 2010 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకు బయటి పొగగొట్టం వేయాలంటే దానికి ధ్రువీకరణ ఉండాలి.

అల్యూమినియం చక్రం మీద జెడబ్ల్యుఎల్ అనే ముద్ర లేకపోతే తనిఖీలో కారు నెగ్గదు. ఆ ముద్ర వేయాలంటే ఆ నమూనా చక్రం మూడు పరీక్షలకు నిలవాలి.

మొదటి పరీక్షలో చక్రాన్ని బిగించి, మలుపులో పడే వంపు బలాన్ని కల్పిస్తూ తిప్పుతారు. రెండవ దానిలో టైరు తొడిగి, తిరిగే పెద్ద పీపాకు గట్టిగా అదిమి, లక్షల చుట్లు తిప్పుతారు. మూడవ దానిలో చక్రాన్ని 13 డిగ్రీల వాలున నిలిపి, పైనుంచి బరువైన దిమ్మెను అంచు మీద పడవేస్తారు. గోతిలో పడ్డ దెబ్బకు ఇది నమూనా. పగుళ్లు కనిపించినా, గాలి ఒక్కసారిగా దిగిపోయినా ఆ చక్రం పనికిరాదు. జెడబ్ల్యుఎల్ ముద్ర తయారీదారు తన పూచీ మీద వేసుకునేది. దానికి తోడు విఐఎ అనే రెండవ ముద్ర ఉంటే, బయటి సంస్థ కూడా పరీక్షించి నమోదు చేసిందని అర్థం.

పరీక్షలకు తలొగ్గిన తర్వాతే ఈ వ్యాపారానికి తలుపులు తెరుచుకున్నాయి. 1995 నవంబరులో జపాను ప్రభుత్వం నిబంధనలు సడలించింది. అనేక విడిభాగాలను ప్రత్యేక అనుమతి లేకుండానే అమర్చుకునే వీలు కల్పించింది. 1983లో టోక్యోలో ఔత్సాహికులు మొదలుపెట్టిన మార్పుల కార్ల ప్రదర్శన 1987 నుంచి టోక్యో ఆటో సెలూన్ పేరుతో సాగుతోంది. ఏటా జనవరిలో జరిగే ఆ తిరునాళ్లకు ఇప్పుడు పెద్ద కార్ల కంపెనీలే కొత్త బళ్లతో తరలివస్తున్నాయి.

ముఖం అదే, లోపల వేరు

పేరు వచ్చిన చోట నకిలీ కూడా వస్తుంది. టిఇ37 వంటి చక్రాలకు అచ్చుగుద్దినట్టు పోలిన నకళ్లు అనేక దేశాల బజార్లలో దొరుకుతున్నాయి. అదే ఆరు ఆకులు, అదే రంగు, ధర మాత్రం ఎన్నో రెట్లు తక్కువ. అసలుది సాగగొట్టిన లోహమైతే, నకలు చౌకగా పోతపోసింది. ముఖం చూసి తేడా పట్టడం కష్టం. గోతిలో పడ్డనాడు తేడా తెలుస్తుంది. అంచు చీలి గాలి దిగితే, వేగంగా పోతున్న కారును పట్టడం ఎవరి తరమూ కాదు. తయారీదారులు అందుకే చక్రం మీద అక్షరాలు చెక్కి, గుర్తింపు చీటీలు అంటించి పంపుతున్నారు.

ఈ ముచ్చట మనకు పూర్తిగా పరాయిదేమీ కాదు. విశాఖపట్నంలో సినర్జీస్ కాస్టింగ్స్ సంస్థ అల్యూమినియం చక్రాలు పోసి అమెరికా కార్ల కంపెనీలకు ఎగుమతి చేసింది. మన పల్లెల్లోకి కూడా అల్యూమినియం చక్రాల కార్లు, మోటారు సైకిళ్లు వచ్చి చాలా కాలమైంది. చక్రాల రిమ్ములకు మన దేశంలోనూ ఐఎస్ఐ ప్రమాణాలు ఉన్నాయి. చట్టం కూడా కఠినంగానే ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు.

జరిమానా సంగతి అలా ఉంచినా, బండి మీద కూర్చునేది ఇంటివారే. సంతలో పది రూపాయల కుండ కొనేవారు కూడా వేలితో తట్టి, చెవి ఒగ్గి విని, కంగుమంటేనే చేతిలోకి తీసుకుంటారు. నాలుగు ప్రాణాలు మోసే చక్రాన్ని మెరుపు చూసి కొనడం తగదు. దాని వెనుక వైపు తిప్పి, ముద్ర ఉన్నదో లేదో చూసి కొనడమే మేలు.