బరువును పంచుకున్న ఇంజను

ఆవిరి ఇంజను ఎంత బరువు లాగగలదన్నది దాని బాయిలర్ శక్తితో పాటు, చక్రానికి పట్టా మీద దొరికే పట్టును బట్టి, ఆ చక్రం మోపే భారాన్ని పట్టాలూ వంతెనలూ ఎంతవరకు భరిస్తాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో ఇరుసు మీద పడే బరువును పెంచే వీలు లేనప్పుడు ఇరుసుల సంఖ్యనే పెంచాలి. కాని పిస్టన్లు తిప్పే చక్రాలను, అంటే చోదక చక్రాలను, ఒకే బిగువైన చట్రానికి వరుసగా అమర్చుకుంటూ పోతే ఇంజను మలుపు తిరగలేక పట్టాలను ఒరుసుకుంటుంది, ఒక్కోసారి పట్టాలే తప్పుతుంది. ఈ చిక్కును విడదీయడానికి 19వ శతాబ్దపు ఇంజనీర్లు చోదక చక్రాలను రెండు జట్లుగా విడగొట్టి, ఒక్కో జట్టుకు వేరే చట్రాన్నీ సిలిండర్లనూ ఇచ్చి, మలుపులో అవి వేర్వేరుగా తిరిగే వీలు కల్పించారు. కీళ్ల ఇంజన్లనదగిన జాతి అలా మొదలైంది.

వీటిలో రాబర్ట్ ఫెయిర్లీ 1864లో పేటెంటు పొందిన ఇంజను వేల్స్ దేశపు ఇరుకు మార్గాల్లో పేరు తెచ్చుకుంది. అనటోల్ మాలే 1884 నాటి పద్ధతి అంతకంటె దూరం వెళ్లింది. మాలే ఇంజనులో వెనక చట్రం బాయిలర్‌కు బిగించి ఉంటుంది, ముందు చట్రం మాత్రమే బాయిలర్ కింద అటూ ఇటూ కదులుతుంది. అధిక పీడనపు ఆవిరి మొదట వెనక సిలిండర్లలో పనిచేసి, పీడనం తగ్గాక ముందు సిలిండర్లకు వెళుతుంది కనుక కదిలే గొట్టపు కీళ్లు మోయవలసింది తక్కువ పీడనమే, అందువల్ల వాటి నుంచి ఆవిరి కారడమూ తక్కువే.

ఇంగ్లండుకు చెందిన హెర్బర్ట్ విలియం గారట్ 1907లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఈ రెంటికంటె సరళమైనది. పొడవాటి దూలాన్ని రెండు బండ్ల మీద మోపి తోలుకుపోయినట్టు, బాయిలర్‌నూ డ్రైవరు గదినీ మోసే వంతెనలాంటి చట్రాన్ని ముందొకటి, వెనకొకటి ఉండే రెండు చక్రాల జట్ల మీద పెద్ద కీలకాలతో నిలిపారు. ముందు జట్టు మీద నీళ్ల తొట్టి, వెనక జట్టు మీద బొగ్గు ఉంటాయి. బాయిలర్ కింద చక్రాలే లేకపోవడంతో దాన్ని పొట్టిగా, లావుగా చేయవచ్చు, బొగ్గు మండే ఫైర్‌బాక్సును కావలసినంత లోతుగా, వెడల్పుగా కట్టవచ్చు, దానికి గాలీ ధారాళంగా అందుతుంది. మలుపు, ఇరుసు భారం, బాయిలర్ కొలత అనే మూడు అడ్డంకులను ఒకే ఏర్పాటు తొలగించడం ఆవిరి యుగపు అత్యుత్తమ ఆలోచనల్లో ఒకటి. అయితే దారిలో నీళ్లూ బొగ్గూ ఖర్చయ్యేకొద్దీ చోదక చక్రాల మీది బరువు తగ్గి, దానితో పాటు పట్టూ తగ్గడం దీనికి పుట్టుకతో వచ్చిన లోపం. మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ 1909లో టాస్మేనియా కోసం తొలి గారట్లను, 1911లో డార్జిలింగ్ కొండ రైలు కోసం ఒక చిన్న గారట్‌ను తయారుచేసింది. గారట్ 1913లో మరణించాడు, తన ఊహ ఎంత పెద్ద ఆకారం దాల్చిందో చూడలేదు.

ఆ పెద్ద ఆకారం మన దేశంలో కనిపించింది బెంగాల్ నాగపూర్ రైల్వేలో. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం చేతికి రావడంతో ఈ సంస్థ వాల్తేరు దాకా విస్తరించింది. విజయనగరం నుంచి రాయపూర్‌కు దాని మార్గం 1931లో పూర్తయింది, మధ్య పరగణాల మాంగనీసు ఖనిజానికి దారి చూపిన విశాఖ రేవు 1933లో మొదలైంది. అయితే దాని గారట్లు పుట్టింది చక్రధర్‌పూర్ పరిసరాల్లోని ఎగుళ్ల కోసం, బొగ్గునూ ఇనుప ఖనిజాన్నీ మోసే గూడ్సు బండ్ల కోసం. 100 అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగే చోట బరువైన బండికి రెండు ఇంజన్లు, రెండు సిబ్బంది జట్లు కావలసి వచ్చేవి. 1920ల నడుమ రెండు గారట్లను తెప్పించి పరీక్షించిన సంస్థ, తర్వాత ఎన్ తరగతి పేరిట 16 ఇంజన్లను బేయర్ పీకాక్‌తో చేయించుకుంది. ఈ తరగతి ఇంజను 234 టన్నుల బరువుది; 24 చక్రాల్లో 16 చోదక చక్రాలు, నాలుగు సిలిండర్లు, 31 టన్నులకు పైబడిన లాగుడు బలం దానివి. రెండు వైపులా ఒకే తీరున నడవగలదు గనుక దాన్ని తిప్పి నిలిపే పనే ఉండదు. వీటిలో 815 నంబరు ఇంజను ఢిల్లీలోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఉంది. 811 నంబరుదాన్ని ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో బాగుచేసి 2006లో మళ్లీ ఆవిరితో నడిపారు.

దీనికి భిన్నంగా, కోస్తా మైదానంలోని పర్చూరుకు దగ్గరి రైలు దారి చీరాల మీదుగా, విజయవాడ, గూడూరుల మధ్య సాగుతుంది. పత్తి, మిర్చి పండే నల్లరేగడి నేలకూ సముద్రపు ఇసుకకూ నడుమ చదునుగా పరచుకున్న ఈ దారికి కీళ్ల ఇంజను అవసరమే రాలేదు. 1950 నుంచి 1970 దాకా మొత్తం 2,450 తయారైన డబ్ల్యూజీ గూడ్సు ఇంజన్లు, బిట్రగుంట వంటి షెడ్ల ఆసరాతో, ఎనిమిది చోదక చక్రాలు ఒకే చట్రంలో ఉన్నా ఇక్కడి భారాన్ని లాగగలిగాయి. నేల తీరే ఇంజను తీరును నిర్ణయిస్తుందనడానికి కోస్తా మైదానమూ చక్రధర్‌పూర్ కొండ దారీ పక్కపక్కన పెట్టి చూడదగినవి.

ప్రపంచంలో పేరు మోసిన కీళ్ల ఇంజను మాత్రం అమెరికాకు చెందిన యూనియన్ పసిఫిక్ రైల్వేది. 1941లోనూ 1944లోనూ కలిపి 25 తయారైన ‘బిగ్ బాయ్’, చక్రాల అమరికలో మాలే సంతతికి చెందినదే అయినా, ఆవిరిని రెండు విడతలుగా వాడక నాలుగు సిలిండర్లకూ ఒకే పీడనంతో అందిస్తుంది. 40 మీటర్ల పొడవు గల దీని లాగుడు బలం 61 టన్నులకు పైనే. బరువైన పట్టాలున్న దేశం అంత భారీ ఇంజనుతో పని చేయించుకోగలిగింది. తేలిక పట్టాలతో, బిగువైన మలుపులతో నెట్టుకురావలసిన ఆఫ్రికా, ఆసియా రైల్వేలకు గారట్ మేలైన జవాబు, ఇంజనీరింగ్ నేర్పులో అది బిగ్ బాయ్‌కు ఒక మెట్టు పైనే ఉంటుంది.

తూర్పు కనుమలను నిజంగా ఎక్కే మార్గం, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు దించే కొత్తవలస–కిరండూల్ లైను, 1960ల చివరి భాగంలో గాని సిద్ధం కాలేదు. అప్పటికి ఆ పని డీజిల్ ఇంజన్లది. డబ్ల్యూడీఎం-2 డీజిల్‌లోనూ పైభాగం రెండు చక్రాల జట్ల మీద కీలకాలతో కూర్చుని ఉంటుంది, ఆరు ఇరుసులూ మోటార్లతో తిరుగుతాయి; పైగా రెండు మూడు ఇంజన్లను కలిపి ఒకే డ్రైవరు నడపవచ్చు కనుక, ఒక సిబ్బంది జట్టుతో రెండు ఇంజన్ల పని చేయించడమన్న గారట్ ప్రయోజనం డీజిల్‌కు సులువుగా దక్కింది.