మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్‌లో ఏ నోడ్‌కు ఏ సర్వర్? నిర్ణయించేది ఒక చిన్న జాబితా

ప్రపంచంలోని అనేక పెద్ద బ్యాంకులు, బీమా సంస్థలు తమ ఖాతాల లెక్కలను నేటికీ మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లపైనే నిర్వహిస్తున్నాయి. హైదరాబాద్‌లోని అమీర్‌పేట శిక్షణ సంస్థల వల్ల ఈ పేరు తెలుగువారిలో ఎందరికో పరిచితమే. అయితే ఈ యంత్రాలు ఒకదానినొకటి ఎలా వెదుక్కుంటాయి? అందుకు ఏ సర్వర్ సాయం తీసుకోవాలో ఎవరు నిర్ణయిస్తారు? నిర్వహణ పనుల కోసం ఒక యంత్రాన్ని నిలిపివేసిన రాత్రి ఈ ప్రశ్న కీలకమవుతుంది.

ఐబీఎం సంస్థ 1974లో ఎస్‌ఎన్‌ఏ అనే నెట్‌వర్క్ విధానాన్ని ప్రకటించింది. అందులో పెత్తనమంతా కేంద్ర కంప్యూటర్‌దే. కంప్యూటర్లు సమాన హోదాతో సంభాషించుకునే ఏపీపీఎన్ విధానం 1980వ దశకంలో వచ్చింది. మెయిన్‌ఫ్రేమ్‌లో ఈ బాధ్యతను వీటీఏఎం అనే సాఫ్ట్‌వేర్ నిర్వర్తిస్తుంది.

ఏపీపీఎన్‌లో ప్రధానంగా రెండు రకాల నోడ్‌లు ఉంటాయి. ఎండ్ నోడ్‌లో అప్లికేషన్లు పనిచేస్తాయి. నెట్‌వర్క్ నోడ్ చిరునామాలను వెదికి, మార్గాన్ని నిర్ణయిస్తుంది. గ్రామంలోని బ్రాంచి పోస్టాఫీసు తన పైనున్న ఒక పోస్టాఫీసుకు అనుబంధంగా పనిచేసినట్టే, ఎండ్ నోడ్ ఒక నెట్‌వర్క్ నోడ్‌ను తన సర్వర్‌గా ఎంచుకుంటుంది. తన వద్దనున్న అప్లికేషన్ల పేర్లను అక్కడ నమోదు చేసుకోగలదు. ఎన్ని నెట్‌వర్క్ నోడ్‌లతో అనుసంధానం ఉన్నా, ఒక సమయంలో సర్వర్‌గా ఉండేది ఒక్కటే.

ప్రత్యేకంగా ఏమీ నిర్దేశించకపోతే, అందుబాటులో ఉండి సేవలందించగల ఏ నెట్‌వర్క్ నోడ్ అయినా సర్వర్ కావచ్చు. చిక్కు ఇక్కడే ఉంది. నెట్‌వర్క్ నోడ్‌లన్నిటి సామర్థ్యం ఒక్కటి కాదు. టెర్మినల్ వైపు నుంచి మొదలయ్యే కొన్ని రకాల సెషన్ అభ్యర్థనలకు కొన్ని నోడ్‌లలో మద్దతు లేదు. అటువంటి నోడ్ సర్వర్‌గా కుదిరితే, పైకి అంతా సవ్యంగా కనిపించినా కొందరు వినియోగదారులు లాగాన్ కాలేరు.

అందుకే వీటీఏఎంలో సర్వర్ల జాబితాను రాసుకునే సదుపాయం ఉంది. నిర్వాహకుడు తనకు సమ్మతమైన నోడ్‌ల పేర్లను వరుసగా పేర్కొంటాడు. ఉన్న సర్వర్ దూరమైనప్పుడు ప్రతిసారీ మొదటి పేరు నుంచి ప్రయత్నించాలా, లేక వరుసలో తరువాతి పేరుకు వెళ్లాలా అన్నదీ ముందే నిర్దేశించవచ్చు. మొదటి పద్ధతి ప్రధాన సర్వర్‌కు ప్రాధాన్యమిస్తుంది. రెండవది, విఫలమైన సర్వర్‌నే మళ్లీ ఆశ్రయించే ప్రయాసను తగ్గిస్తుంది. జాబితాలో పేరు లేని ఒక పద్దును చేరిస్తే, పేర్కొన్నవేవీ దొరకనప్పుడు మరే ఇతర నోడ్‌నైనా అంగీకరించవచ్చని అర్థం.

నియంత్రణ మితిమీరినా ప్రమాదమే. జాబితాలో ఒకే పేరు రాసి, పేరు లేని పద్దును విడిచిపెడితే, ఆ ఒక్క సర్వర్ ఆగినప్పుడు ఎండ్ నోడ్ మరొకదాన్ని స్వీకరించదు. పక్కనే మరో నోడ్ సిద్ధంగా ఉన్నా ప్రయోజనం ఉండదు.

ఇక్కడ ఒక ఊరట ఉంది. సర్వర్‌తో సంబంధం తెగినంత మాత్రాన అప్పటికే నడుస్తున్న సెషన్లు ఆగిపోవు; వాటి మార్గం ఆ నోడ్ గుండా సాగకపోతే యథాతథంగా కొనసాగుతాయి. దెబ్బ తగిలేది కొత్త సెషన్లకు. లోపం వెంటనే బయటపడకపోవడానికి కారణం కూడా ఇదే. రాత్రి సర్వర్ ఆగినా, ఉదయం సిబ్బంది లాగాన్ చేసే వేళకు గాని సమస్య తెలియకపోవచ్చు.

ప్రస్తుత సర్వర్ ఏదో, జాబితాలో ఎవరున్నారో ఒక్క ఆదేశంతో తెరపై చూడవచ్చు. ఏ నెట్‌వర్క్ నోడ్‌నైనా నిలిపివేసే ముందు, దానిపై ఆధారపడిన ప్రతి ఎండ్ నోడ్‌లోనూ ఈ జాబితాను పరిశీలించి, రెండవ పేరుతో నిజంగా అనుసంధానం ఉందో లేదో నిర్ధారించుకోవడం తప్పనిసరి.