సెనేట్‌లో మైనారిటీ ఎవరు? జడ్జీల నియామకాలూ, ఫిలిబస్టర్ గొడవా

అమెరికా సెనేట్‌లో 'ఫిలిబస్టర్' అనే పద్ధతి మీద అక్కడి రెండు పెద్ద పార్టీలు యిరవయ్యేళ్లకు పైగా కొట్లాడుకుంటున్నాయి. జడ్జీల నియామకాల విషయంలో ఈ పద్ధతిని 2013లో డెమొక్రాట్లు కొంత తీసేశారు. 2017లో రిపబ్లికన్లు మిగతాది తీసేశారు. తీసేసిన ప్రతిసారీ అవతలి పార్టీ ప్రజాస్వామ్యం మంటగలిసిందని గోల పెట్టింది. మామూలుగా దీన్ని రెండు పార్టీల పంతంగానే చూస్తారు. ఇందులో దళిత ఉద్యమ కార్యకర్తలకూ, విద్యార్థులకూ, టీచర్లకూ ఏం పని అని అనిపించొచ్చు. పని వుందనే మేం అనుకుంటున్నాం. ఎందుకంటే గొడవంతా 'మైనారిటీ రక్షణ' అనే మాట చుట్టూ తిరుగుతోంది. ఆ మాట అణగారిన జనాలది. దాన్ని ఎవరు, ఎవరికోసం వాడుకున్నారో విడమరిచి చూడాలి.

ఫిలిబస్టర్ అంటే ఏమిటి?

ఈ మాట మొదట సముద్రపు దొంగలకు వాడిన మాట. సెనేట్‌లో దాని అర్థం వేరు. ఒక బిల్లు గానీ నియామకం గానీ ఓటింగుకు వస్తే నెగ్గుతుందని తెలిసినప్పుడు, దాన్ని ఓటింగుదాకా రానివ్వకుండా చర్చను సాగదీస్తూ పోవడమే ఫిలిబస్టర్. ఇది రాజ్యాంగంలో లేదు. 1806లో సెనేట్ తన నియమావళి సవరించుకుంటూ, చర్చ ముగించి ఓటింగుకు పోవడానికి పనికొచ్చే నిబంధనను వదిలేసింది. ఆ సందులోంచి పుట్టిందే ఈ పద్ధతి.

1917లో చర్చను ఆపడానికి ఒక నిబంధన పెట్టారు. మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే చర్చ ఆగుతుంది. 1975లో దాన్ని అయిదింట మూడొంతులకు, అంటే 100 మందిలో 60కి దించారు. 1970ల నుంచి ఒక బిల్లు ఆగిపోయినా మరో పని నడుపుకునే ఏర్పాటు వచ్చింది. దాంతో గంటల తరబడి నిలబడి మాట్లాడే కష్టం కూడా తప్పింది. ఆపుతామని చెబితే చాలు, అవతలివాళ్లు 60 ఓట్లు వెతుక్కోవాల్సిందే.

ఈ పద్ధతిని సమర్థించేవాళ్లు చెప్పేది ఒకటే: మెజారిటీ దూకుడుకు ఇది కళ్లెం, మైనారిటీకి ఇది కవచం. వినడానికి బాగానే వుంది. చరిత్ర ఏం చెబుతోందో చూద్దాం.

కవచం ఎవరికి దొరికింది?

బానిసత్వం రద్దయిన తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ల ఓటుహక్కును కాపాడటానికి తెచ్చిన ఎన్నికల బిల్లు 1890లో ప్రతినిధుల సభలో నెగ్గింది. 1891లో సెనేట్‌లో ఫిలిబస్టర్‌తో చచ్చిపోయింది. నల్లవాళ్లను గుంపులుగా వచ్చి చంపడాన్ని ఫెడరల్ నేరం చేసే డయర్ బిల్లు 1922లో ప్రతినిధుల సభలో నెగ్గింది. దాన్నీ దక్షిణాది సెనేటర్లు ఓటింగుకు రానివ్వలేదు. 1930లలో వచ్చిన అలాంటి బిల్లులకూ అదే గతి పట్టింది. ఓటు వెయ్యాలంటే పన్ను కట్టాలనే నిబంధనను రద్దు చేసే బిల్లుల్ని 1940లలో ప్రతినిధుల సభ మళ్లీ మళ్లీ ఆమోదించింది. అన్నీ సెనేట్‌లోనే ఆగిపోయాయి. గుంపు హత్యల్ని ఫెడరల్ నేరం చేసే చట్టం చివరికి 2022 మార్చిలో వచ్చింది. డయర్ బిల్లుకూ దీనికీ మధ్య వందేళ్లు. 1955లో మిసిసిపీలో తెల్లవాళ్లు చంపేసిన 14 ఏళ్ల నల్లజాతి కుర్రాడు ఎమెట్ టిల్ పేరు ఆ చట్టానికి పెట్టారు.

1957లో పౌరహక్కుల బిల్లును అడ్డుకోవడానికి సౌత్ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు ఏకబిగిన మాట్లాడాడు. 1964 పౌరహక్కుల చట్టాన్ని 60 పనిదినాలు ఆపారు. ఆ జూన్ 10న 71-29 ఓట్లతో చర్చ ముగించగలిగారు. పౌరహక్కుల బిల్లు మీద ఫిలిబస్టర్‌ను సెనేట్ ఓడించడం అదే మొదటిసారి.

అంటే సెనేట్ లోపల 'మైనారిటీ' అని చెప్పుకున్న ఈ తెల్ల సెనేటర్లు తమ రాష్ట్రాల్లో పాలకులు. అక్కడి అసలు మైనారిటీకి ఓటే లేదు. సభలో లెక్కకు తక్కువగా వున్నవాళ్లు వేరు, సమాజంలో తొక్కివేతకు గురైనవాళ్లు వేరు. ఈ రెంటినీ ఒకే మాటతో పిలవడంలోనే మోసం వుంది.

జడ్జీల సంగతి

అమెరికాలో ఫెడరల్ జడ్జీలను అధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదించాలి. ఆమోదిస్తే జీవితాంతం పదవిలో వుండొచ్చు. అందుకే ఒక్కొక్క కుర్చీకి అంత పోటీ.

థర్‌గుడ్ మార్షల్ ఉదాహరణ చూడండి. బడుల్లో జాతి విభజన చెల్లదని 1954లో తీర్పు సాధించిన నల్లజాతి లాయరు ఆయన. 1961లో కెనడీ ఆయన్ని అప్పీలు కోర్టుకు ప్రతిపాదిస్తే ఖరారయ్యేసరికి 1962 సెప్టెంబరు అయింది. ఆపింది ఫిలిబస్టర్ కాదు. మిసిసిపీ సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌లాండ్ ఛైర్మన్‌గా వున్న న్యాయవ్యవహారాల కమిటీలో ఫైలు నానింది. 1967లో సుప్రీంకోర్టుకు ఆయన 69-11తో వెళ్లాడు, అక్కడ మొదటి నల్లజాతి జడ్జి అయ్యాడు.

మరో పద్ధతి 'నీలి చీటీ'. ఏ రాష్ట్రానికి చెందిన నియామకమో ఆ రాష్ట్ర సెనేటర్లు చీటీ తిప్పి పంపకపోతే ఆ పేరు ముందుకు కదిలేది కాదు. ఈ రకంగా నార్త్ కరోలినా సెనేటర్ జెస్సీ హెల్మ్స్ 1990లలో నల్లజాతి అభ్యర్థులను నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టుకు రానివ్వలేదు. 1999లో ప్రతిపాదించిన జేమ్స్ విన్ 2010లో గానీ ఆ కోర్టుకు చేరలేదు. ఆ కోర్టుకు మొదటి నల్లజాతి జడ్జిగా రోజర్ గ్రెగరీని క్లింటన్ 2000 డిసెంబరులో, సెనేట్ విరామంలో వుండగా నియమించాల్సి వచ్చింది. ఇక్కడ చర్చా లేదు, ఓటింగూ లేదు. అడ్డుకున్నవాళ్లు నోరు విప్పి కారణం చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

ఇప్పుడు దీనికి ఎదురు కథ చూడాలి. 1930లో సుప్రీంకోర్టుకు ప్రతిపాదించిన జాన్ పార్కర్, 1920 ఎన్నికల ప్రచారంలో నల్లవాళ్లు రాజకీయాల్లోకి రాకూడదని మాట్లాడినవాడు. నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి. దేశమంతా ప్రచారం చేసింది. కార్మిక సంఘాలు కూడా వేరే కారణాలతో వ్యతిరేకించాయి. పార్కర్ 39-41తో ఓడిపోయాడు. 1969లో హేన్స్‌వర్త్, 1970లో కార్స్‌వెల్, 1987లో బోర్క్ కూడా ఇట్లాగే ఓడిపోయారు. కార్స్‌వెల్ 1948లో తెల్లజాతి ఆధిక్యాన్ని బాహాటంగా సమర్థించి ప్రసంగించాడు. ఈ నలుగురూ ఫిలిబస్టర్‌తో ఓడలేదు, మామూలు మెజారిటీ ఓటుతో ఓడారు. నల్లవాళ్లు మరికొందరితో కలిసి మెజారిటీని కట్టుకుని ఓడించారు. ఇది మరిచిపోకూడదు.

పార్టీల భయం

సుప్రీంకోర్టు నియామకం మీద ఫిలిబస్టర్ పనిచేసిన పెద్ద సందర్భం 1968. ఏబ్ ఫోర్టాస్‌ను ప్రధాన న్యాయమూర్తి చెయ్యాలని జాన్సన్ ప్రతిపాదించాడు. చర్చ ముగింపు ఓటు 45-43 దగ్గర ఆగిపోయింది, పేరు వెనక్కి తీసుకున్నారు.

2003 నుంచి డెమొక్రాట్లు ఈ ఆయుధాన్ని బుష్ అప్పీలు కోర్టు అభ్యర్థుల మీద వరసగా వాడారు. పౌరహక్కుల సంఘాలు కూడా ఇందులో డెమొక్రాట్ల వెంట నిలబడ్డాయి. ఇది ఒప్పుకోవాల్సిన విషయం, ఈసారి కవచం అటువైపు కొంత పనికొచ్చింది. కానీ ఎన్నాళ్లు? ఫిలిబస్టర్‌ను మెజారిటీ ఓటుతో తీసిపారేస్తామని రిపబ్లికన్లు బెదిరించారు. ఆ బెదిరింపుకు 'అణ్వాయుధ మార్గం' అని పేరు పడింది. 2005 మేలో రెండు పార్టీల నుంచి ఏడుగురేసి, మొత్తం 14 మంది రాజీ కుదిర్చారు. ఆగిన అభ్యర్థుల్లో ప్రిసిల్లా ఓవెన్, జానిస్ రోజర్స్ బ్రౌన్, విలియం ప్రయర్ జడ్జీలైపోయారు. వీళ్లలో బ్రౌన్ నల్లజాతి మహిళ, భావాల్లో మితవాది. చర్మం రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పలేమనడానికి ఆమె ఒక ఉదాహరణ.

తర్వాత పాత్రలు తారుమారయ్యాయి. ఒబామా కాలంలో రిపబ్లికన్లు ఆపడం మొదలుపెట్టారు. 2011లో గుడ్విన్ లియూకు 52 ఓట్లు వచ్చినా చాల్లేదు. 2013 నవంబరు 21న హ్యారీ రీడ్ నాయకత్వంలో డెమొక్రాట్లు 52-48తో సుప్రీంకోర్టు తప్ప మిగతా నియామకాలన్నిటికీ 60 ఓట్ల నిబంధన తీసేశారు. 2005లో ఈ మార్గాన్ని తిట్టిన రీడే 2013లో ఆ పని చేశాడు. 2013లో తిట్టిన మెకానెల్ 2017 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టుకు కూడా దాన్ని తీసేశాడు. అంతకు ముందు ఏడాది ఒబామా ప్రతిపాదించిన మెరిక్ గార్లండ్‌కు విచారణ కూడా జరపకుండా కూర్చున్నది ఈ మెకానెలే. గోర్సచ్ 54-45తో, కావనా 50-48తో, బారెట్ 52-48తో వెళ్లారు.

'ఇవాళ మనం తీసేస్తే రేపు వాళ్లు వాడుకుంటారు' అనేదే రెండు పార్టీల భయం. ఈ భయమే బిల్లుల మీద ఫిలిబస్టర్‌ను యిప్పటిదాకా బతికించింది. 2022 జనవరిలో ఓటుహక్కు బిల్లు కోసం నిబంధన మార్చబోతే, ఇద్దరు డెమొక్రాట్లు అవతలివైపు చేరి 48-52తో ఓడగొట్టారు. 2025లో ప్రభుత్వం స్తంభించినప్పుడు బిల్లులకు కూడా దీన్ని తీసెయ్యమని ట్రంప్ అడిగితే, సొంత పార్టీ సెనేటర్లే వెనకాడారు. రేపు తాము ఓడిపోతే ఏమిటనే లెక్క తప్ప, ఈ భయంలో నల్లవాళ్ల ఓటు సంగతి ఎక్కడుంది?

తీసేశాక ఏమైంది?

ఫలితం రెండు రకాలుగా వుంది. ట్రంప్ మొదటి పాలనలో అప్పీలు కోర్టులకు 54 మందిని వేస్తే వాళ్లలో ఒక్క నల్లజాతి జడ్జి లేరు. బైడెన్ కాలంలో అంతకు ముందు అధ్యక్షులందరూ కలిసి వేసినవాళ్లకంటే ఎక్కువ మంది నల్లజాతి మహిళలు అప్పీలు కోర్టులకు వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో కెటాంజీ బ్రౌన్ జాక్సన్ 53-47తో సుప్రీంకోర్టులో మొదటి నల్లజాతి మహిళా జడ్జి అయింది. 60 ఓట్ల నిబంధన వుంటే ఈ దారి మూసుకుపోయేది. అదే దారిన వచ్చిన ముగ్గురితో బలపడ్డ కోర్టు 2023 జూన్‌లో యూనివర్సిటీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకునే పద్ధతిని కొట్టేసింది.

మెజారిటీ పాలనే వచ్చిందని సంబరపడటానికీ లేదు. వయోమింగ్‌కు 5.8 లక్షల జనాభా, కాలిఫోర్నియాకు 3.95 కోట్లు. ఇద్దరికీ సెనేటర్లు ఇద్దరేసే. నల్లవాళ్లు పెద్ద సంఖ్యలో వున్న రాజధాని వాషింగ్టన్‌కు వయోమింగ్ కంటే జనాభా ఎక్కువ. దానికి ఒక్క సెనేటరూ లేడు. 51 మంది సెనేటర్లంటే జనంలో సగం అని అర్థం కాదు.

అంబేద్కర్ ముందే చూసిన చిక్కు

ఇది మనకు పరాయి చర్చ కాదు. 1949 మే 24న రాజ్యాంగ సభలో జడ్జీల నియామకం మీద మాట్లాడుతూ బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికా సెనేట్ ఆమోదం పద్ధతిని ప్రస్తావించారు. అది గజిబిజిగా వుంటుందనీ, రాజకీయ ఒత్తిళ్లకు లొంగే ప్రమాదం వుందనీ వద్దన్నారు. అదే ప్రసంగంలో, ప్రధాన న్యాయమూర్తికి వీటో ఇవ్వడం కూడా ప్రమాదమేనని చెప్పారు. ఆయనకూ మామూలు మనుషులకుండే బలహీనతలు వుంటాయన్నారు. రాజకీయ మెజారిటీ వేరు, పుట్టుకతో వచ్చే మత, కుల మెజారిటీ వేరు అని కూడా ఆయన తన రచనల్లో విడదీసి చెప్పారు. మొదటిది మారుతుంది, రెండోది మారదు.

1993 తీర్పుతో మన దగ్గర నియామకాలు జడ్జీల కొలీజియం చేతికి వెళ్లాయి. దానికి బదులు తెచ్చిన కమిషన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. ఇన్నేళ్లలో దళితులు ఇద్దరే దేశ ప్రధాన న్యాయమూర్తులయ్యారు: 2007లో కె.జి. బాలకృష్ణన్, 2025లో బి.ఆర్. గవాయ్. కొలీజియం గదిలో 60 ఓట్లూ లేవు, 51 ఓట్లూ లేవు. నీలి చీటీ లాగే అక్కడ కూడా ఆగిపోయిన పేరుకు జవాబు చెప్పేవాళ్లు లేరు.

అమెరికా అనుభవం నుంచి మేం తీసుకునేది ఇది. ఒక నిబంధనను మైనారిటీ రక్షణ అని ఎవరైనా చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. ఇప్పటిదాకా దీనివల్ల ఆగిపోయిన బిల్లులేవి, మనుషులెవరు? ఆపేవాళ్లు బహిరంగంగా కారణం చెబుతున్నారా? దానిమీద జనం పోరాడే వీలుందా? 1930లో దక్షిణాదిన ఓటు కూడా లేని జనం పార్కర్‌ను ఓడించగలిగారంటే, పేరు బయటికి వచ్చింది కాబట్టి, ఓటింగు జరిగింది కాబట్టి. మన జడ్జీల నియామకాల మీద దళిత సంఘాలూ, లా కాలేజీల విద్యార్థులూ ఈ మూడు ప్రశ్నలతో చర్చ మొదలుపెట్టాలని కోరుతున్నాం.