చెరువు నీటి పచ్చదనం: ఏకకణ హరిత శైవలాల జీవక్రియ

కొల్లేరు పరిసరాల్లోని చేపల చెరువులలో నీరు లేత ఆకుపచ్చగా ఉండటం మంచి సూచన. ఆ రంగునిచ్చే సూక్ష్మజీవులలో క్లోరెల్లా వంటి ఏకకణ హరిత శైవలాలు ముఖ్యమైనవి. అయితే అదే పచ్చదనం మితిమీరితే తెల్లవారేసరికి చేపలు చనిపోవచ్చు. ఈ వైరుధ్యానికి మూలం శైవల కణంలోనే ఉంది.

క్లోరెల్లాను 1890లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైయరింక్ తొలిసారిగా వర్ణించారు. గోళాకారపు ఈ కణం వ్యాసం సాధారణంగా 2 నుంచి 10 మైక్రోమీటర్లు. ఇందులో ఒక కేంద్రకం, గిన్నె ఆకారపు హరితరేణువు, దానిలో పైరినాయిడ్ ఉంటాయి. కశాభాలు లేనందున ఇది ఈదలేదు. తల్లికణం లోపలే 2, 4, 8 లేదా 16 పిల్లకణాలు ఏర్పడి, కణకవచాన్ని చీల్చుకొని వెలువడతాయి. వెలుతురు, నత్రజని, భాస్వరం సమృద్ధిగా లభిస్తే వీటి సంఖ్య అతివేగంగా పెరుగుతుంది. కిరణజన్య సంయోగక్రియలో కార్బన్ మార్గాన్ని ఛేదించి 1961లో నోబెల్ బహుమతి పొందిన మెల్విన్ కాల్విన్ పరిశోధనలకు ఆధారమైన జీవులలో ఇదీ ఒకటి.

పగటివేళ ఈ కణాలు బొగ్గుపులుసు వాయువును గ్రహించి ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. అందువల్ల మధ్యాహ్నానికి నీటి ఉదజని సూచిక పెరుగుతుంది. అమ్మోనియా విషప్రభావమూ ఎక్కువవుతుంది. రాత్రివేళ ఆక్సిజన్ ఉత్పత్తి ఆగిపోతుంది, శ్వాసక్రియ మాత్రం కొనసాగుతుంది. చేపలు, బాక్టీరియా, శైవలాలు అన్నీ ఒకే నిల్వను వాడుకోవడం వల్ల సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ కనిష్ఠ స్థాయికి చేరుతుంది.

ఒత్తుగా నాటిన పైరులో కింది ఆకులకు ఎండ అందనట్లే, శైవలాలు చిక్కబడిన నీటిలో పై పొర కింది పొరకు నీడ అవుతుంది. అడుగు కణాలు ఆక్సిజన్‌ను ఇవ్వకుండా వినియోగిస్తూనే ఉంటాయి. వరుసగా మబ్బు పట్టిన రోజులలో ఈ లోటు మరింత తీవ్రమవుతుంది.

కనుక విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు నీటి రంగుతోపాటు దాని చిక్కదనాన్నీ కొలవడం నేర్పాలి. సెక్కీ పళ్లెం 25 నుంచి 40 సెంటీమీటర్ల లోతు వరకు కనిపిస్తే శైవల సాంద్రత సాధారణంగా అనుకూలమే. 20 సెంటీమీటర్లలోపే కనుమరుగైతే ఎరువులు ఆపాలి, మేత తగ్గించాలి, రాత్రివేళ ఏరియేటర్లు నడపాలి. కరిగిన ఆక్సిజన్‌ను మధ్యాహ్నం మాత్రమే కొలిస్తే ప్రమాదం కంటపడదు. తెల్లవారుజామున కూడా కొలవాలి. మైలుతుత్తంతో శైవలాలను ఒక్కసారిగా చంపడం క్షేమం కాదు. చనిపోయిన కణాలు కుళ్లేటప్పుడు మిగిలిన ఆక్సిజన్ కూడా హరించుకుపోతుంది.