డిగ్రీ చదువులో ఐచ్ఛిక పాఠ్యములు: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

ఇంటరు పరీక్షా ఫలితములు వెలువడిన పిమ్మట ప్రతి సంవత్సరము గ్రామములలో ఒక ప్రశ్న వినవచ్చుచుండును: "అమ్మాయిని డిగ్రీలో చేర్పింపదలచినాము. ఏ సబ్జెక్టు మంచిదందురు?" తల్లిదండ్రులు ఈ ప్రశ్నను తరచుగా అడుగునది సర్పంచును, వార్డు సభ్యులను, బడి పంతులుగారిని. ప్రధాన పాఠ్యమును గూర్చి అందరును ఏదో యొక సలహా చెప్పుదురు. కాని దానితోపాటు విద్యార్థి తానుగా ఎన్నుకొనవలసిన ఐచ్ఛిక పాఠ్యములను గూర్చి యోచించువారు అరుదు. "మార్కులు సులభముగా వచ్చునదేదో వ్రాసి యిమ్ము" అనుటతో ఆ విషయము ముగియుచున్నది. ఇట్లు వదలివేయబడుచున్న పాఠ్యములలో మనస్తత్వ శాస్త్రము, చరిత్ర, భావప్రసార శాస్త్రము అను మూడును గ్రామ వ్యవహారములకు మిక్కిలి సన్నిహితమైనవి.

ఐచ్ఛిక పాఠ్యమనగా నేమి?

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 డిసెంబరులో డిగ్రీ చదువులకు ఒక నూతన ప్రణాళికను ప్రకటించినది. దాని ప్రకారము మూడు సంవత్సరముల డిగ్రీకి కనీసము 120 క్రెడిట్లు, నాలుగు సంవత్సరముల డిగ్రీకి 160 క్రెడిట్లు సంపాదింపవలెను. క్రెడిట్ అనగా చదువునకు కొలమానము. అర్ధ సంవత్సర కాలములో 15 గంటల బోధన ఒక క్రెడిట్‌గా లెక్కింపబడును. ఈ మొత్తములో 9 క్రెడిట్లు, అనగా మూడు పాఠ్యములు, ఇతర శాస్త్ర శాఖలనుండి గ్రహింపవలెనని ఆ ప్రణాళిక సూచించుచున్నది. తన ప్రధాన శాఖకు సంబంధించి ఇంటరులో చదివిన విషయములనే తిరిగి ఇందు తీసికొనరాదు. కామర్సు విద్యార్థి మనస్తత్వ శాస్త్రమును, సైన్సు విద్యార్థిని చరిత్రను చదువుటకు ఇది వీలు కల్పించుచున్నది. ఏ పాఠ్యములు లభించునను విషయము మాత్రము విశ్వవిద్యాలయపు నిబంధనలపైనను, కళాశాలలోని అధ్యాపకులపైనను ఆధారపడియుండును.

తొమ్మిది క్రెడిట్లనగా 135 గంటల బోధన. ఇంత కాలమును మార్కుల కొరకే వ్యర్థపుచ్చుట తగునా?

ఒక వదంతి నేర్పిన పాఠము

2018వ సంవత్సరములో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు సంచరించుచున్నవను వదంతి చేతి ఫోనుల ద్వారా వ్యాపించినది. తెలుగు రాష్ట్రములతో సహా దేశములో అనేక ప్రాంతములందు, కొత్తగా కనబడిన పాపమునకు నిరపరాధులపై జనులు దాడి చేసిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. దాడి చేసినవారందరును దుష్టులు కారు. తమ బిడ్డలను గూర్చి భయపడినవారు. ఆ భయము గుంపులో ఎట్లు పెరిగినది? ఆ వార్తను మొదట చెప్పినదెవరు? అది ఊరూరికి ఎట్లు ప్రాకినది? మొదటి ప్రశ్న మనస్తత్వ శాస్త్రమునకు, రెండవది చరిత్రకు, మూడవది భావప్రసార శాస్త్రమునకు చెందినవి. విన్న మాటను నమ్ముటకు ముందు పరీక్షించుట ఈ మూడు శాస్త్రములును నేర్పు విద్య.

మనస్తత్వ శాస్త్రము

జర్మనీలోని లైప్జిగ్ నగరమున 1879లో విల్హెల్మ్ వుంట్ ప్రయోగశాలను నెలకొల్పుటతో మనస్తత్వ శాస్త్రము ప్రత్యేక శాస్త్రముగా నిలిచినది. మన దేశమున 1916లో కలకత్తా విశ్వవిద్యాలయము దీనికొక శాఖను ఏర్పరచినది. ఇది ఇతరుల మనస్సులోని మాటను కనిపెట్టు విద్య యని కొందరి భ్రమ. జ్ఞాపకము, భయము, అలవాటు, నేర్చుకొనుట, గుంపు ప్రవర్తన మున్నగువానిని పరిశీలనతో తెలిసికొనుట దీని పని.

బ్రిటిషు శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన గ్రంథములో జ్ఞాపకము ఉన్నదున్నట్లు దాచిపెట్టిన పత్రము వంటిది కాదని, మనిషి జ్ఞప్తికి తెచ్చుకొనునప్పుడెల్ల దానిని కొంత తిరిగి కల్పించుకొనునని వివరించెను. పొలము గట్టు తగాదాలో ఇద్దరు సాక్షులు రెండు విధములుగా చెప్పినచో ఒకరు అబద్ధమాడుచున్నారని వెంటనే తీర్మానింపనక్కరలేదు. ఇరువురును నిజమనుకొనియే చెప్పుచుండవచ్చును. తగవు తీర్చుటకు కూర్చుండు పెద్దలకు ఇంతకంటె ఉపయోగకరమైన ఎరుక ఏమి కలదు?

చరిత్ర

చరిత్ర యనగా రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు మాత్రమే కాదు. ఆధారమును తూచు పద్ధతి అందు ముఖ్యమైనది. తెలుగు గ్రామములకు ఈ విషయమున గొప్ప భాగ్యము కలదు. 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయరు జనరలుగా నియమింపబడిన కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయముతో గ్రామముల వృత్తాంతములను సేకరింపించెను. అవే కైఫీయతులు. స్థానికుల నోటి మాటలు, కరణముల లెక్కలు, గుడులలోని శాసనములు వానికి ఆధారములు.

చరిత్ర విద్యార్థి కైఫీయతును చదువునప్పుడు కొన్ని ప్రశ్నలు వేసికొనును. దీనిని వ్రాసినదెవరు? ఎప్పుడు, ఎవరి కొరకు వ్రాసిరి? ఇట్లు వ్రాయుటవలన ఎవరికైనను లాభము కలదా? శాసనము దీనిని సమర్థించుచున్నదా? చెరువు పోరంబోకు, ఇనాము భూమి, దారి హక్కు మొదలగు వివాదములలో పాత కాగితము ముందుకు వచ్చినప్పుడు పంచాయతీ వేయవలసిన ప్రశ్నలును ఇవియే. ఉద్యోగ పరీక్షలు వ్రాయదలచువారికి చరిత్ర పరిచయము మరియొక విధముగను అక్కరకు వచ్చును. రాష్ట్ర ప్రభుత్వ గ్రూపు పరీక్షలలో అదియొక ముఖ్యాంశము.

భావప్రసార శాస్త్రము

చెప్పినంత మాత్రమున విషయము చేరినట్లు కాదు. ఈ సత్యమే భావప్రసార శాస్త్రమునకు పునాది. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని దాదాపు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు ప్రసారము చేయబడినవి. 'సైట్' అను పేరుగల ఆ ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. వ్యవసాయము, ఆరోగ్యము మున్నగు విషయములు చూపుటతోపాటు, చూచినవారు ఏమి గ్రహించిరో పరిశోధకులు గ్రామములలో విచారించిరి. వినువాని స్పందన తెలియనిదే ప్రసారము పూర్తి కాదు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయములో 1954 నుండియే పత్రికా రచనా శాఖ కలదు.

గ్రామసభకు దండోరా వేయించినాము గదా యని ఊరకుండిన చాలదు. ఆ వేళకు కూలికి పోయిన స్త్రీలు దానిని వినిరా? వాట్సాప్‌లో పంపిన ప్రకటన ఫోను లేని వృద్ధునికి చేరినదా? ఇట్టి ప్రశ్నలు వేయ నేర్చిన యువతీ యువకులు గ్రామమునకు విలువైన సంపద.

హద్దులను గుర్తింపవలెను

ఒక ఐచ్ఛిక పాఠ్యము చదివినంతనే ఉద్యోగము వచ్చునని ఎవరును ఆశ పెట్టరాదు. మనస్తత్వ శాస్త్రములో ఒక పాఠ్యము చదివినవారు మానసిక రోగులకు చికిత్స చేయజాలరు. దానికి పై చదువులు, చట్టబద్ధమైన నమోదు అవసరము. ఎవరైనను తీవ్రమైన మనోవేదనలో ఉన్నచో వైద్యునికి చూపవలెను. 2022 అక్టోబరులో ప్రారంభింపబడిన 'టెలి మానస్' సేవకు 14416 అను నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

సభ్యులు చేయదగిన సహాయము

సలహా అడుగవచ్చిన తల్లిదండ్రులను, కళాశాలకు పోయి ఈ సంగతులను విచారింపుడని చెప్పవలెను: ఏ ఐచ్ఛిక పాఠ్యములు నిజముగా బోధింపబడుచున్నవి? వానికి అధ్యాపకులు ఉన్నారా, లేక పేరు మాత్రము జాబితాలో ఉన్నదా? గ్రంథాలయములో పుస్తకములు కలవా? ఎన్నుకొన్న పాఠ్యమును మార్చుకొనుటకు గడువు ఎప్పటివరకు? అదే కళాశాలలో చదువుచున్న గ్రామ విద్యార్థులను ఒకనాడు పిలిపించి, కొత్తగా చేరువారితో మాటలాడించుట మరియు మేలు. దీనికి పంచాయతీ నిధులనుండి ఒక్క రూపాయియు వ్యయము కానక్కరలేదు.

ఎన్నిక మాత్రము విద్యార్థిదే. ఆడపిల్లయైనను, మగపిల్లవాడైనను తమ ఇష్టమును తామే చెప్పుకొనునట్లు చూడవలెను. తెలిసి ఎన్నుకొనుటకు తోడ్పడుటయే పెద్దల వంతు.