ఆర్‌క్లోన్‌తో గూగుల్ ఫోటోస్ బ్యాకప్ చేస్తున్నారా? ఒకసారి చెక్ చేసుకోండి

గూగుల్ ఫోటోస్‌లోని ఫోటోలన్నీ రోజూ రాత్రి కంప్యూటర్‌లోకి దిగేలా ఆర్‌క్లోన్ కమాండ్ సెట్ చేసి వదిలేశారా? అయితే ఇప్పుడే ఆ ఫోల్డర్ తెరిచి చూడండి. 2025 మార్చి 31 తర్వాత తీసిన ఫోటోలు అందులో ఉండకపోవచ్చు.

ఆ తేదీ నుంచి గూగుల్ లైబ్రరీ ఏపీఐ రూల్స్ మారాయి. ఇంతకుముందు మనం ఒక్కసారి పర్మిషన్ ఇస్తే చాలు, యాప్ మన ఫోటోలన్నీ చదివేది. ఇప్పుడు ఏ యాప్ అయినా తాను అప్‌లోడ్ చేసినవి మాత్రమే చూడగలదు. ఫోన్ నుంచి ఎక్కిన ఫోటోలు ఆర్‌క్లోన్‌కు కనిపించవు. ప్రైవసీకి ఇది మంచిదే, కానీ మన సొంత బ్యాకప్‌కు కూడా తాళం పడింది.

కొత్త పికర్ ఏపీఐ ఉంది కదా అంటారా? అందులో ఫోటోలను మనమే చేత్తో ఎంచుకోవాలి. దానంతటదే నడిచే స్క్రిప్ట్‌కు అది పనికిరాదు.

మరి ఏం చేయాలి?

1. గూగుల్ టేక్‌అవుట్‌లో ఫోటోస్ ఒక్కటే టిక్ చేయండి.
2. ఫైల్స్ గూగుల్ డ్రైవ్‌కు వెళ్లేలా పెట్టి, ఏడాది పాటు 2 నెలలకోసారి ఎక్స్‌పోర్ట్ ఆప్షన్ ఎంచుకోండి.
3. డ్రైవ్‌లోకి వచ్చిన జిప్ ఫైల్స్‌ను ఆర్‌క్లోన్‌తో దించుకోండి. డ్రైవ్ ఏపీఐ వేరు కాబట్టి ఇది పనిచేస్తుంది.

జిప్ ఫైల్స్‌కు డ్రైవ్‌లో చోటు కావాలి, దించాక తీసేయండి. పాత పద్ధతిలో ఫోటో తీసిన లొకేషన్ వివరాలు వచ్చేవి కావు, టేక్‌అవుట్‌లో అవీ వస్తాయి.

స్టోరేజ్ నిండిందని క్లౌడ్‌లో ఫోటోలు డిలీట్ చేసే ముందు మాత్రం, అవి మీ దగ్గర నిజంగా ఉన్నాయో లేదో చూసుకోండి.